బీరువాలోని వాన

పెళ్లి ఫొటోగ్రాఫర్లకు మన పంచాంగం ఏటా ఒక అన్యాయం చేస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు. స్టూడియోలు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. శ్రావణం రాగానే ముహూర్తాలన్నీ ఒక్కుమ్మడిగా వచ్చి పడతాయి, వాటి వెనకాలే వానలూ వస్తాయి. ఏసీ కల్యాణ మండపంలో పెళ్లయితే బెంగ లేదు. పల్లెటూళ్లో ఇంటి ముందు షామియానా వేసి చేసే పెళ్లిలోనే ఫొటోగ్రాఫర్ పనితనం తేలుతుంది. కాసేపు కురిసేసరికి షామియానా నడుమ నీళ్లు నిలిచి, గుడ్డ బరువెక్కి కిందికి దిగుతుంది. చుట్టాల్లో ఎవరో ఓ ఉత్సాహవంతుడు కర్ర పట్టుకొచ్చి కింద నుంచి ఒక్క పోటు పొడుస్తాడు. ఆ నీళ్లు ఎటువైపు పడతాయో ముందే పసిగట్టి, కెమెరాతో సహా ఇవతలికి జరగడం ఏ ఫొటోగ్రఫీ పుస్తకంలోనూ దొరకని విద్య.

అలాంటి పెళ్లిళ్లలో గొడుగు పట్టడానికి ఒక కుర్రాడుంటాడు. కొత్తగా పనిలో చేరినవాడైతే మర్యాద కొద్దీ గొడుగు గురువుగారికి పడతాడు. "నా నెత్తి మీద కాదురా, లెన్సు మీద పట్టు!" అని గురువు కసురుకుంటాడు. ఆ కసురు నాకు భలే ఇష్టం. తడిసిన మనిషి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుంటే సరిపోతుంది, కెమెరాకి అలా కుదరదు. పైగా వాన వచ్చిందని తాళి కట్టడం ఆగదు కాబట్టి కెమెరాని సంచిలో పెట్టేసే వీలు ఆయనకు లేదు. కాపాడుకుంటూనే పని చెయ్యాలి, పని చేస్తూనే కాపాడుకోవాలి.

మనలాంటి సరదా ఫొటోగ్రాఫర్ల దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. చినుకు పడిందంటే ముందు కెమెరా సంచిలోకి, ఆ తర్వాత మనం చూరు కిందికి. కెమెరా తడవలేదు, ఫొటో రాలేదు. దీన్ని కాపాడుకోవడం అనొచ్చునా అన్నదే నా సందేహం.

మన ఇళ్లలో కెమెరా చాలాకాలం బీరువాలో బంగారం పక్కనే ఉండేది. పండక్కో, పిల్లవాడి అన్నప్రాసనకో బయటికి తీసి, పని అవగానే మళ్లీ తాళం వేసేవాళ్లు. ఆ అలవాటు ఇంకా పోలేదు. స్టూడియోవాళ్లు మాత్రం దసరా నాడు ఆయుధపూజలో కెమెరాకి కుంకుమ బొట్టు పెడతారు. నాగలికీ, సుత్తికీ, లారీకీ పెట్టే బొట్టే అది. పనిముట్టుని కాపాడుకునేది పని కోసం. నగని కాపాడుకునేది దాచడం కోసం. వానాకాలంలో మన కెమెరా ఈ రెండింటిలో ఏ జాబితాలో ఉందో ఇట్టే తెలిసిపోతుంది.

సరే, వానలోకి దిగుతామనుకుందాం. నీళ్లు ఎక్కడి నుంచి దూరతాయి? ఖరీదైన కెమెరాల పెట్టెల మీద 'వెదర్ సీల్డ్' అని ఉంటుంది. దాన్ని నమ్మి జడివానలో నిలబడేవాళ్లున్నారు, ఏమాత్రం నమ్మక గడప దాటనివాళ్లూ ఉన్నారు. లోపల ఉన్నది ఇంతే: బటన్ల కింద, బ్యాటరీ మూత అంచుల్లో, లెన్సు బిగించే చోట సన్నటి రబ్బరు వలయాలు, స్పాంజి పట్టీలు. అవి నీటిని శాశ్వతంగా ఆపవు, రాకను ఆలస్యం చేస్తాయి. తెలంగాణలో గొర్రెల కాపరులు వానలో కప్పుకునే గొంగడి చేసే పనీ అదే. ముతక ఉన్ని మీద చినుకులు చాలాసేపు పైపైనే జారిపోతాయి, ముసురు పట్టి వదలకపోతే చివరికి గొంగడీ తడుస్తుంది. కానీ ఆ లోపల మంద ఇల్లు చేరుతుంది. కెమెరా సీలింగు నుంచి కూడా అంతే ఆశించాలి.

ఒక వస్తువు నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పడానికి అంతర్జాతీయంగా ఐపీ రేటింగు ఉంది. అందులో రెండో అంకె నీటిది. 1 అంటే నిట్టనిలువుగా పడే చుక్కలు, 4 అంటే ఏ వైపు నుంచైనా చిమ్మే నీళ్లు, 7 అంటే మీటరు లోతులో అరగంట మునక. ఫోన్ల కంపెనీలు ఈ అంకెల్ని గొప్పగా వేసుకుంటాయి. కెమెరా కంపెనీలు చాలావరకు అంకె ఊసెత్తకుండా 'తేమను తట్టుకునే నిర్మాణం' అని ఊరుకుంటాయి. ఓఎం సిస్టమ్ వాళ్లు తమ ఓఎం-1 కెమెరాకి ఐపీ53 అని బాహాటంగా ప్రకటించడమే ఈ రంగంలో విశేషం. అందులోని 3 కూడా ఏటవాలుగా పడే జల్లు వరకే, వరద వరకు కాదు. ఫోన్ల సంగతైనా ఆ పరీక్షలు ప్రయోగశాలలో మంచినీళ్లతో చేసేవి. ఉప్పుగాలికీ ఈదురుగాలికీ అక్కడ చోటు లేదు. నీళ్లు పోయి పాడైతే వారంటీ మామూలుగా వర్తించదన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అసలు వాన, నీళ్లు అన్న గొడవే లేని కెమెరా ఒకప్పుడు ఉండేది. సముద్ర శోధకుడు కూస్తో ఆలోచనతో, బెల్జియం ఇంజనీరు జాన్ ద వూటర్స్ రూపకల్పనతో వచ్చిన కాలిప్సోని నికాన్ తీసుకుని 1963లో నికోనోస్‌గా తెచ్చింది. దానికి వేరే తొడుగు అక్కర్లేదు, నేరుగా నీళ్లలోకి దిగొచ్చు, బురద అంటితే కడిగేసుకోవచ్చు. 2001లో ఆ వరస తయారీ ఆగిపోయింది. తర్వాత వచ్చిన కెమెరాలకు తెలివి పెరిగింది, దాంతోపాటే బటన్లూ, మూతలూ, తెరలూ, నీళ్లు దూరే సందులూ పెరిగాయి.

ఆ సందుల్లో ముఖ్యమైనవి తెలిస్తే చాలు. లెన్సు బిగించే చోటు ఒకటి. కెమెరాకి సీలింగు ఉండి లెన్సుకి లేకపోతే, తలుపుకి తాళం వేసి కిటికీ తెరిచిపెట్టినట్టే లెక్క. ఫ్లాష్ తగిలించే గాడి రెండోది. మూడోది చాలామందికి తట్టనిది, జూమ్ లెన్సు గొట్టం. అది ముందుకి సాగినప్పుడల్లా లోపల ఖాళీ పెరిగి బయటి గాలిని పీలుస్తుంది. గొట్టం మీద తడి ఉంటే వెనక్కి లాగినప్పుడు అదీ లోపలికి పోతుంది. అందుకే జోరువానలో జూమ్‌ని అటూ ఇటూ తిప్పకుండా ఒకచోట ఉంచి, మనమే రెండడుగులు ముందుకో వెనక్కో వెయ్యడం నయం. లెన్సు మార్చడం అన్న మాటే వద్దు. ఇందులో ఒక మేలుంది. ఇంటి దగ్గరే ఒక లెన్సు తగిలించుకుని బయల్దేరితే, ఏం తియ్యాలో ముందే నిర్ణయించుకోక తప్పదు. సంచి నిండా లెన్సులున్న రోజుకన్నా ఒక్కటే ఉన్న రోజున కళ్లు బాగా పనిచేస్తాయని నా నమ్మకం.

ఇక తొడుగు. వానకోసం ప్రత్యేకంగా కుట్టిన కవర్లు అమ్ముతారు, కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. నా ఓటు మాత్రం బట్టల కొట్లో పట్టుచీర పెట్టి ఇచ్చే మందపాటి ప్లాస్టిక్ సంచికే. అడుగున లెన్సు హుడ్ పట్టేంత కన్నం చేసి, హుడ్‌ని అందులోంచి బయటికి తీసి, చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తే చాలు. సంచి మూతి కిందికి ఉంటుంది, చేతులు అక్కడి నుంచి లోపలికి. ఆ మూతిని ముడి వెయ్యకూడదు. మన చేతుల చెమట, ఊపిరి లోపల చిక్కుకుని బయటి వానకన్నా ఎక్కువ తడి చేస్తాయి. హుడ్ ఎండకోసం పుట్టిన వస్తువైనా వానలోనే దాని విలువ తెలుస్తుంది. లెన్సు ముందు అద్దం మీద చుక్క పడకుండా ఆపేది అదే. తియ్యనప్పుడు కెమెరా మూతి నేలవైపు ఉంచాలి. హోటల్ గదుల్లో ఉచితంగా ఇచ్చే షవర్ క్యాపు ఒకటి జేబులో ఉంటే తీసే రెండు ఫొటోల మధ్య నెత్తిన తగిలించడానికి పనికొస్తుంది (కెమెరా నెత్తిన). తుడవడానికి చొక్కా అంచు కాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు తువ్వాలు. అద్దానికి మాత్రం మైక్రోఫైబర్ గుడ్డ. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి.

ఇన్ని చెప్పినా, వాన ఫొటోకి చూరుని మించిన కవరు లేదు. గోదావరి జిల్లాల్లో ఇంకా అక్కడక్కడ మిగిలిన మండువా ఇళ్లలో వానరోజున వసారాలో నిలబడి చూడండి. నాలుగు వైపుల కప్పు మీది నీళ్లూ నడిమి ఖాళీలోకి దూకుతాయి. వెలుగు పై నుంచి వస్తుంది, ఎదురుగా అవతలి వసారా చీకటిగా ఉంటుంది. వాన ధార కెమెరాకి కనబడాలంటే కావలసినవి ఈ రెండే: వెనక నుంచో పై నుంచో వెలుగు, వెనకాల నల్లటి నేపథ్యం. తెల్లటి ఆకాశం ఎదురుగా పెట్టుకుని తీసిన ఫొటోలో ఎంత కుండపోతైనా మాయమైపోతుంది. అందుకే "ఆ రోజు ఎంత వానో తెలుసా" అని ఫొటో చూపిస్తూ నోటితో చెప్పుకోవలసి వస్తుంది. ఇంకో లెక్క. పెద్ద వాన చినుకు సెకనుకి దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. షట్టర్ సెకనులో ముప్ఫయ్యో వంతు తెరిచి ఉంటే ఆ లోపల అది 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, ఫొటోలో గీతగా పడుతుంది. వెయ్యో వంతు తెరిస్తే 9 మిల్లీమీటర్లే. దాదాపు చినుకుగానే కనిపిస్తుంది. గీతలు కావాలా, ముత్యాలు కావాలా అన్నది తీసేవాళ్ల ఇష్టం. నాకు గీతలే ఇష్టం. వాన పడుతుంది కానీ ఆగి నిలబడదు కదా.

మండువా ఇళ్లు లేని ఊళ్లలోనూ చూరులకు కరువు లేదు. టీకొట్టు ముందు కట్టిన టార్పాలిన్ పట్టా, బస్ షెల్టరు, రైలు ప్లాట్‌ఫారం కొస ఉన్నాయి. హైదరాబాదులో వాన మొదలవగానే ఫ్లైఓవర్ల కింద బళ్లు ఆపుకుని వరసగా నిలబడే జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతకుముందు ఒకరికొకరు హారన్లు కొట్టుకున్నవాళ్లే అక్కడ పది నిమిషాలు పక్కపక్కన నిలబడి ఒకే వైపు చూస్తుంటారు. కెమెరా పొడిగానే ఉంటుంది, ఎదురుగా నగరం తడుస్తూ ఉంటుంది. ఇంతకన్నా ఫొటోగ్రాఫర్‌కి ఏం కావాలి?

వానని తమకి అనుకూలమైన చోటే కురిపించుకున్నవాళ్లూ ఉన్నారు. న్యూజిలాండ్ ఫొటోగ్రాఫర్ బ్రయాన్ బ్రేక్ 1960లో మన దేశమంతా తిరిగి రుతుపవనాల మీద ఫొటోలు తీశాడు. 1961లో లైఫ్ పత్రిక వాటిని వేసింది. అందులో ముఖం పైకెత్తి, కళ్లు మూసుకుని, తొలకరి చినుకుల్ని అనుభవిస్తున్న అమ్మాయి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ అమ్మాయే తర్వాతి కాలంలో పేరొందిన నటి, దర్శకురాలు అపర్ణా సేన్. ఆ చినుకులు మేఘం నుంచి పడినవి కావు. మేడ మీద ఆ అమ్మాయిని నిలబెట్టి మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో పైనుంచి పోయించారు. దీన్ని మోసం అనను. అది గొప్ప ఫొటోనే. కాకపోతే అందులో నాకు ముఖం కనిపించినంతగా వాన కనిపించదు.

దానికి పూర్తిగా ఎదురు నిలబడేది స్టీవ్ మెక్‌కర్రీ 1983లో గుజరాత్‌లోని పోరుబందరులో తీసిన ఫొటో. వరదనీరు మెడదాకా వచ్చింది. ఒక ముసలి దర్జీ తన కుట్టు మిషనుని భుజాన పెట్టుకుని నీళ్లలో నడిచి వస్తున్నాడు. ముఖాన నవ్వు! ఆ ఫొటో పత్రికలో వచ్చాక కుట్టు మిషన్లు తయారుచేసే కంపెనీ ఒకటి అతనికి కొత్త మిషను ఇచ్చిందని మెక్‌కర్రీ తర్వాత చెప్పాడు. నేను ఆ ఫొటో చూసినప్పుడల్లా అందులో లేని రెండో మనిషి గురించి ఆలోచిస్తాను. ఆ దర్జీకి ఎదురుగా అదే మురికినీళ్లలో దిగి, తన పనిముట్టుని నీళ్లకు అందకుండా పైకెత్తి పట్టుకుని ఇంకొకడు నిలబడితేనే కదా ఆ ఫొటో వచ్చింది. ఇద్దరిదీ ఒకటే అవస్థ. ఇద్దరిలో ఎవరైనా 'నీళ్లు తగ్గాక చూద్దాంలే' అని మిషనునో కెమెరానో అటకెక్కించి కూర్చుంటే మనకి ఏదీ మిగిలేది కాదు.

ఇప్పుడు బీరువా దగ్గరికి వద్దాం. నాకు తెలిసిన రిపేరు షాపుల్లో వానాకాలం తర్వాత బల్ల మీదికి వచ్చే లెన్సుల్లో ఎక్కువ భాగం వానలో తడిసినవి కావు, వాన మొహం చూడనివి. కోస్తాలో వర్షాకాలమంతా గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. 60, 65 శాతం పైన చాలాకాలం ఉంటే బూజుకి అది చాలు. అద్దం దానికి తిండి కాదు కానీ అద్దం మీది వేలిముద్రల జిడ్డు, దుమ్ము చాలు. చీకటి, గాలి ఆడకపోవడం, తేమ, ఈ మూడూ బీరువాలో పుష్కలంగా ఉన్నాయి. తోలు సంచిలో పెడితే మరీ మంచిది, బూజుకి. సన్నటి తెల్లటి పోగులు లెన్సు లోపలి అద్దం మీద పాకుతాయి. అవి వదిలే ఆమ్లాలు అద్దం మీది పూతని తినేస్తాయి. ఆ తర్వాత తుడిచినా ఆ మచ్చ పోదు. ఫొటోలకూ ఇదే గతి. గోడమీది ఫ్రేములో తాతగారి ఫొటో అద్దానికి అతుక్కుపోయి, తీస్తే ముఖం ఊడి వచ్చే ఇళ్లు ఎన్ని లేవు! ఫొటో కాగితం మీది జెలటిన్ పొర తేమకి ఉబ్బి జిగురై చేసే పని అది.

పాత స్టూడియోల్లో దీనికో ఉపాయం ఉండేది. లెన్సులున్న చెక్క అలమరలో ఒక జీరో బల్బు రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండేది. ఆ కాస్త వేడి లోపలి గాలిలో తేమని తగ్గించేది. ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక ఆ కిటుకు పోయింది, వాటికి ఆ వేడి లేదు. ఇప్పుడు డ్రై క్యాబినెట్లు దొరుకుతున్నాయి. అంత ఖర్చు వద్దనుకుంటే వంటింట్లో పప్పులు పోసుకునే, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. 40 నుంచి 50 శాతం దగ్గర ఉంచాలి. 30 కన్నా తగ్గితే లెన్సు లోపలి గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి. నీలం రంగు సిలికా గులాబీ రంగుకి తిరిగితే దాని కడుపు నిండిందని గుర్తు. వేడిచేస్తే మళ్లీ నీలమవుతుంది. ఆ రంగు కోబాల్టుది కాబట్టి వంట చేసే గిన్నెలో మాత్రం వద్దు.

బియ్యం డబ్బా సంగతి కూడా చెప్పుకోవాలి. ఫోను నీళ్లలో పడిందంటే మన ఇళ్లలో అమ్మలంతా ఒక్కటే వైద్యం చెబుతారు. బియ్యం గాలిలోంచి తేమని లాగేది చాలా తక్కువ, పైగా ఊక పొడి, పిండి సందుల్లోకి పోతాయి. ఆపిల్ కంపెనీ 2024లో తన ఫోన్లను బియ్యంలో పెట్టవద్దని రాతపూర్వకంగా చెప్పింది. తడిసిన కెమెరాకైనా అంతే. వెంటనే ఆపేసి, బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరిచి ఫ్యాను గాలికి పెట్టడమే. పనిచేస్తోందో లేదో చూద్దామని మధ్యలో ఆన్ చేసే ఆత్రమే చాలా కెమెరాల ప్రాణం తీస్తుంది. హెయిర్ డ్రయ్యరు వేడిగాలీ వద్దు.

వానకీ బీరువాకీ మధ్య ఏసీ ఒకటుంది. బయట 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్నప్పుడు 27 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పేరుకుంటుంది. 22 డిగ్రీల కారులోంచి మారేడుమిల్లి ఘాటు రోడ్డు మీద దిగి, కెమెరా ఎత్తగానే అంతా మంచుముద్దలా కనిపిస్తే అది అడవి అందం కాదు, మన లెన్సు మీది ఆవిరి. దిగే ముందే కెమెరాని జిప్ ఉన్న కవర్లో మూసి, ఓ అరగంట బయటి వేడికి అలవాటు పడనిచ్చి తియ్యాలి. ఆ అరగంటలో టీ తాగొచ్చు.

ఇంత చెప్పాక ఒక గీత గియ్యాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది, 1986లో వచ్చిన 75.6 తర్వాత అంతటి నీరు అదే. అలాంటప్పుడు కరకట్ట మీద కెమెరాకి కవరు తొడిగే ప్రశ్నే లేదు, మనిషే అక్కడ ఉండకూడదు. వార్త కోసం వెళ్లక తప్పని విలేకరుల మాట వేరు. ఉరుము వినిపించిందంటే పొలంలో ట్రైపాడ్ ఎత్తేయాలి. తడిసిన షామియానా కింద లైట్ల వైర్లు నీళ్లలో నానుతుంటే గొడుగు పట్టిన కుర్రాణ్ణి ముందు పక్కకి లాగాలి, లెన్సు సంగతి ఆ తర్వాత. ఇంకొకటి, నాకు ఎప్పుడూ ఇబ్బందిగా అనిపించేది. మనం వేల రూపాయల కవరు తొడిగిన కెమెరాతో గట్టు మీద నిలబడితే, ఎదురుగా మడిలో నాట్లు వేసే ఆడవాళ్లు ఎరువుల సంచిని ఒక మూలలోకి మడిచి నెత్తిన వేసుకుని ఉంటారు. వాళ్లు వానలో ఉన్నది ఫొటో కోసం కాదు. "అమ్మా, ఫొటో తీసుకోనా?" అని అడిగి, వద్దంటే కెమెరా దించెయ్యడం మన పని.

మీ ఇంట్లో కెమెరా ఉండి, అది ఈ ఏడు తొలకరి నుంచి బయటికి రాకపోతే, ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే ఒక పని చెయ్యండి. లెన్సు ఊడదీసి, ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. పోగులు కనిపిస్తే ముదరకముందే బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, అప్పటిదాకా దాన్ని మిగతా లెన్సులకు దూరంగా ఉంచండి. ఏమీ కనిపించకపోతే, మళ్లీ బీరువాలో పెట్టకుండా, పట్టుచీర కవరుకి కన్నం చేసుకుని చూరు కిందికి రండి.